లేచి నిలబడిన నేరం

మా ఆఫీసులో పెద్దసారు వచ్చినప్పుడు లేచి నిలబడితే మెమో ఇస్తారు. నిలబడకపోతే ఇవ్వరు. మీరు సరిగ్గానే చదివారు, అచ్చుతప్పేమీ లేదు. ఆ మెమోలు టైపు చేసేదాన్ని నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

మాది గోదాముల పరిశీలన శాఖ, జిల్లా కార్యాలయం. జిల్లాలో ఎక్కడ గోదాము కట్టినా దానికి కప్పు ఉందా, గోడలు నాలుగూ ఉన్నాయా, ఎలుకలు ఎటునుంచి వస్తున్నాయి అన్నది మేము చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. పెద్దసారుతో కలిపి ఇరవై మందిమి. నా పేరు శకుంతల, సీనియర్ అసిస్టెంటును. ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు నాది. అంటే సిబ్బంది సెలవులు, ఇంక్రిమెంట్లు, శిక్షలు, పదవీ విరమణలు అన్నీ నా బల్ల మీదుగానే పోవాలి. ఇరవై ఆరేళ్ళుగా ఈ సీట్లోనే ఉన్నాను. అందులో నా గొప్పేమీ లేదు, నన్ను కదపడం ఎవరికీ గుర్తురాలేదు.

ఈ గొడవంతా మా పెద్దసారు, డిప్యూటీ డైరెక్టరు చక్రపాణి గారు శిక్షణకు వెళ్ళడంతో మొదలైంది. 'ఆరోగ్యకరమైన కార్యాలయ సంస్కృతి: నాయకుడి పాత్ర' అని రాజధానిలో అయిదు రోజులు పెట్టారు. చక్రపాణి గారు మంచి మనిషే. అంతకుముందు ఆయన వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు, ఉపయోగమూ ఉండేది కాదు. అక్కడ ఎవరో వక్త అడిగాడట, "మీరు ఆఫీసులోకి రాగానే మీ వాళ్ళు లేచి నిలబడతారా?" అని. అధికారులందరూ సంతోషంగా చేతులెత్తారట. "అయితే మీ ఆఫీసుకు జబ్బు చేసింది. అది గౌరవం కాదు, భయం. భయం ఉన్నచోట సంస్కృతి ఉండదు" అన్నాడట ఆ పెద్దమనిషి.

చక్రపాణి గారు అయిదు రోజుల్లో విన్న మిగతావన్నీ అక్కడే వదిలేసి ఈ ఒక్క ముక్కా పట్టుకొచ్చారు.

నిజం చెప్పొద్దూ, మేము లేచేది భయంతో కాదు. గౌరవంతో అసలే కాదు. పదిన్నరకు ఒకసారి లేస్తే నడుము సాగుతుంది, చీర సర్దుకోవచ్చు, పక్క సీటువాళ్ళు ఏం తెచ్చుకున్నారో కనబడుతుంది. ఆ మాట ఆయనకు చెప్పేవాళ్ళెవరు? జూన్ మూడో తారీకున నన్ను లోపలికి పిలిచి, సిబ్బందందరికీ ఒక మెమో డిక్టేషన్ ఇచ్చారు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కార్యాలయాధిపతి ప్రవేశ సమయమున లేచి నిలబడుట అనునది భయ లక్షణముగా గుర్తించబడినది. కావున హోదాతో నిమిత్తము లేకుండా ఎవ్వరునూ లేచి నిలబడరాదు. ఉల్లంఘించినవారు కఠిన చర్యలకు గురికాగలరు."

మా సూపరింటెండెంటు ఖలీల్ సాబ్ పక్కనే ఉన్నాడు. ఆయన నిదానస్థుడు. "సార్, ఆ ఆఖరి లైను తీసేద్దామా? జర భయపెట్టినట్టు కొడుతుంది" అన్నాడు.

"ఆ లైను లేకపోతే ఎవరు పాటిస్తారు ఖలీల్ గారూ?" అన్నారు చక్రపాణి గారు.

భయం పోగొట్టడానికి అంత భయంకరమైన కాగితం టైపు చేయడం నాకు అదే మొదటిసారి.

మరునాడు పదిన్నరకు ఆయన వచ్చారు. హాల్లో పద్దెనిమిది మందిమి కుర్చీలకు అతుక్కుని కూర్చున్నాం. తలెత్తితే ఎక్కడ లేవాలనిపిస్తుందోనని తలలు కూడా ఎత్తలేదు. ఆయన గుమ్మంలో ఆగారు. అర నిమిషం ఆగారు. నేను ఓరగా ఆయన ముఖం చూశాను. పెళ్ళికి పిలిచి భోజనానికి రమ్మనడం మరిచిపోతే చుట్టం ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. పాపం, ఆయన కోరుకున్నదే జరిగింది, కాకపోతే అది జరిగితే ఎలా ఉంటుందో ఆయన ముందుగా ఆలోచించుకోలేదు.

అప్పుడు, సారు గది తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న రాజలింగు లేచి నిలబడ్డాడు.

రాజలింగు మా అటెండరు. ఈ మధ్య ఆ హోదాకు ఏదో పెద్ద పేరు పెట్టారు గానీ, పిలిచేది అటెండరనే. ముప్పై అయిదేళ్ళ సర్వీసు. ఆ నెలాఖరున రిటైరవ్వాలి. ఆయన సర్వీసు పుస్తకంలో ఒక్క మెమో లేదు, ఒక్క మందలింపు లేదు. ఏడాదికోసారి నా దగ్గరకొచ్చి, "మేడం, ఒకపారి నా బుక్కు సూపియ్యండ్రి" అని అడిగి, శిక్షల పేజీ ఖాళీగా ఉందని కళ్ళారా చూసుకుని, మళ్ళీ నా చేతికిచ్చి పోయేవాడు. ఆ ఖాళీ పేజీ అంటే ఆయనకు అంత ఇష్టం.

చక్రపాణి గారి ముఖం ఒక్క క్షణం వెలిగింది. అది నేను చూశాను. వెంటనే శిక్షణ గుర్తొచ్చి ఆరిపోయింది.

"రాజలింగూ, ఎందుకు లేచావు?"

"నేను లేవలే సార్. కాళ్ళే లేసినయ్."

"అంటే నీలో భయం చాలా లోతుగా ఉందన్నమాట. దాన్ని మనం కలిసి జయించాలి" అని చక్రపాణి గారు ఆయన భుజం తట్టి, లోపలికి పోయి, నన్ను పిలిచి రాజలింగు పేరున మొదటి మెమో రాయమన్నారు.

ఆ రోజునుంచీ జయించడం మొదలైంది. చక్రపాణి గారు గదిలోంచి బయటికి పోయి మళ్ళీ వచ్చేవారు. దానికి 'ఆకస్మిక ప్రవేశం' అని పేరు పెట్టారు. మొదటిరోజు పదకొండుసార్లు ప్రవేశించారు. వెనక తలుపునుంచి ఒకసారి, ఫైళ్ళ గదిలోంచి ఒకసారి వచ్చారు. ఇంకోసారి మూడు నిమిషాలు మెట్ల కింద దాక్కుని మరీ వచ్చారు. ఆయన వచ్చిన ప్రతిసారీ రాజలింగు లేచేవాడు. లేచి, నాలిక కరుచుకుని, మళ్ళీ కూర్చునేవాడు. అరవయ్యో ఏట మనిషిని రోజుకు పదకొండుసార్లు గుంజీలు తీయించారు, ఆత్మగౌరవం పెంచడానికి.

నాకొక కొత్త రిజిస్టరు తగిలించారు. 'లేచినవారి రిజిస్టరు' దాని పేరు. పేజీలన్నిటికీ నంబర్లు వేయించి, ప్రతి పేజీ మీదా ఆఫీసు ముద్ర కొట్టించారు, ఎవరూ చింపకుండా. క్రమసంఖ్య, పేరు, హోదా, లేచిన సమయం, తిరిగి కూర్చున్న సమయం, లేచుటకు కారణం అని గళ్ళు. సంఘటన జరిగిన వెంటనే నమోదు చేయాలి. మొదటి రెండు పేజీల నిండా రాజలింగు, రాజలింగు, రాజలింగు అనే ఉంది. కారణం గడిలో 'అలవాటు' అని రాస్తే చక్రపాణి గారు కొట్టేసి 'భయము' అని ఎర్ర సిరాతో దిద్దారు.

ఇంతవరకూ ఒక్క రాజలింగు బాధే. రెండో వారానికి అది అందరికీ పాకింది. ఎందుకంటే పెద్దసారు ఏ క్షణాన ఎటునుంచి వస్తారో తెలియదు. మనం బీరువా దగ్గర ఫైలు తీస్తూ నిలబడి ఉంటాం, అప్పుడే ఆయన వస్తారు. మనం ముందునుంచీ నిలబడే ఉన్నామా, ఆయన్ను చూసి నిలబడ్డామా అన్నది ఎవరు తేల్చాలి? ఒక జూనియర్ అసిస్టెంటుకు ఇట్లాగే మెమో వచ్చింది. అప్పటినుంచీ అందరూ కుర్చీలోంచి లేవడం మానేశారు. ఫైలు కావాలంటే కుర్చీని కాళ్ళతో తోసుకుంటూ బీరువా దాకా పోవాలి. చక్రాల కుర్చీలు ఉన్నవాళ్ళు నలుగురే. మిగతావాళ్ళు అడుగుల చప్పుడు వినబడితే చాలు, ఎక్కడున్నవాళ్ళు అక్కడ చతికిలబడేవారు.

ఒకరోజు కొత్త గోదాము సర్టిఫికెట్ కోసం ఒక మిల్లు యజమాని వచ్చాడు. అప్పుడే మెట్ల మీద చప్పుడైంది. చూస్తుండగానే ఆరుగురు నేల మీద కూర్చున్నారు. ఖలీల్ సాబ్ బీరువాల మధ్య ఒక ఫైలు పట్టుకుని గొంతుకూర్చున్నాడు. ఆ వచ్చిన చప్పుడు పెద్దసారుది కాదు, టీ తెచ్చే మనిషిది.

మిల్లు యజమాని అందర్నీ ఒకసారి చూసి గొంతు తగ్గించి అడిగాడు. "ఏమైంది మేడం, సమ్మెనా?"

"కాదండీ. ఆరోగ్యకరమైన సంస్కృతి."

"అట్లనా. మరి నా సర్టిఫికెట్?"

"అది పై అరలో ఉంది. ఎవరూ లేవడానికి లేదు."

ఆయన తనే ఎక్కి, తనే తీసుకుని, ముద్ర కూడా తనే కొట్టుకుని పోయాడు. పాపం, థాంక్స్ కూడా చెప్పాడు.

నవ్వుకోడానికి బాగానే ఉంది గానీ, రాజలింగు పని నవ్వులాట కాకుండా పోయింది. పదిహేనో తారీకుకు మూడో మెమో అందింది. మూడు మెమోలు దాటినా, ఉన్న మూడూ రిటైరయ్యేలోగా మూయకపోయినా మా నిబంధనల్లో అది క్రమశిక్షణ కేసు అవుతుంది. క్రమశిక్షణ కేసు పెండింగులో ఉండగా మనిషి రిటైరైతే పెన్షన్ కాగితాలు ముందుకు కదలవు. ఫైలు హెడ్డాఫీసుకు పోతుంది. పోయిందంటే ఇక అంతే. మా దగ్గరే వాచ్‌మన్‌గా చేసిన నర్సింలు మీద, ఒక గోదాము గొళ్ళెం కనబడలేదని కేసు పెండింగులో ఉండేది. తొమ్మిదేళ్ళు తిరిగాడు ఆ మనిషి. గొళ్ళెం దొరికింది, ఫైలు దొరకలేదు. ఫైలు దొరికేనాటికి నర్సింలు లేడు.

ఈ సంగతి రాజలింగుకు నాకంటే బాగా తెలుసు. నర్సింలు వచ్చినప్పుడల్లా టీ తాగించి బస్సెక్కించింది ఆయనే.

నేను సార్ దగ్గరకు పోయి చెప్పాను. "సార్, ఇంకో పదిహేను రోజుల్లో రిటైరవుతాడు. అసంకల్పితంగా లేచానని వివరణ ఇచ్చాడు మూడుసార్లు. అంగీకరించి మూసేద్దాం."

"మేడం, నాకు రాజలింగు మీద కోపం లేదు" అన్నారు చక్రపాణి గారు, ఎంతో ప్రేమగా. "నా పోరాటం అతనిలోని భయంతో. ఒక నాయకుడిగా నేను మధ్యలో రాజీపడితే అతనికే అన్యాయం చేసినవాణ్ణవుతాను. భయంతో అతణ్ణి ఇంటికి పంపమంటారా?"

వివరణ మీద 'సంతృప్తికరముగా లేదు' అని రాసిచ్చారు. అది మూడోసారి.

ఆ సాయంత్రం ఖలీల్ సాబ్, నేను, రాజలింగు సైకిల్ షెడ్డు దగ్గర మాట్లాడుకున్నాం. రాజలింగు సైకిల్ హ్యాండిలు పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

"మేడం, రాత్రంత అనుకుంట, లేవొద్దు లేవొద్దు అని. మా ఇంటామె సత్తెమ్మతోని కూడ ప్రాక్టీసు చేసిన. ఆమె తలుపు తీసుకొని వస్తది, నేను కూసుంట. ఇంట్ల మంచిగనే కూసుంటున్న. ఈడికి రాంగనే అయితలేదు."

ఖలీల్ సాబ్ గడ్డం గోక్కున్నాడు. "ఒక ఉపాయం ఉన్నది. మెమోల ఏం రాసినం? 'లేచి నిలబడరాదు' అని. అసలు కూసుంటే గద లేచేది. రాజలింగు పొద్దుగాల్నుంచే నిలబడి ఉంటే? సార్ వచ్చినా, పోయినా నిలబడే ఉంటడు. లేచిన కేసే కాదు."

మాకు అది అద్భుతంగా తోచింది. ఎంత సిగ్గుమాలిన పనో తర్వాత తెలిసింది నాకు. ఆ మాట ఒప్పుకోవాలి.

మరునాటినుంచీ రాజలింగు పదింటికి వచ్చి గోడ పక్కన నిలబడేవాడు. సాయంత్రం అయిదు దాకా అంతే. చక్రపాణి గారు రెండు రోజులు పరిశీలించారు. పదిసార్లు వచ్చి పదిసార్లు పోయారు. చివరికి సంతోషపడి రిజిస్టరులో స్వయంగా రాశారు. "ప్రవేశమునకు ముందునూ, పిదపనూ భంగిమలో మార్పు లేదు. ప్రగతి కనబడుచున్నది."

నాలుగో రోజుకు రాజలింగు పాదాలు వాచాయి. చెప్పుల్లో పట్టక, చెప్పులు గోడ పక్కన విడిచేసి, ఉత్త కాళ్ళతో నిలబడ్డాడు. మోకాళ్ళు వణుకుతుంటే గోడకు ఆనుకునేవాడు. మేమంతా కుర్చీల్లో కూర్చుని, తలొంచుకుని, ఆరోగ్యంగా పని చేసుకుంటున్నాం. నా కంటికి ఆ పాదాలు ఆనకుండా బల్ల మీద ఫైళ్ళు ఎత్తుగా పేర్చుకున్నాను. నాకు తెలిసిన ధైర్యం అప్పటికి అంతే.

అది కూడా నిలవలేదు. ఇరవయ్యో తారీకున చక్రపాణి గారు శిక్షణ నోట్సు మళ్ళీ చదువుకున్నారు. నాయకుడు, సిబ్బంది ఒకే ఎత్తులో ఉండాలని అందులో ఉందట. సవరణ మెమో వచ్చింది. అందరూ కూర్చునే ఉండాలి, ఒకే రకం ఆసనం మీద. రాజలింగు స్టూలుకు వీపు లేదు. కాబట్టి అది అసమానత. స్టూలు తీసేశారు.

మంచిదే, ఇక కుర్చీ ఇస్తారు కదా అనుకున్నాం. కుర్చీ కోసం హెడ్డాఫీసుకు రాశాను. నా జీవితంలో ఎన్నడూ లేనిది, రెండో రోజే జవాబొచ్చింది. "సదరు హోదాకు కుర్చీ అర్హత లేదు. అర్హమైన ఆసనము: స్టూలు, ఎత్తు పద్దెనిమిది అంగుళములు, వీపు లేనిది." నా కుర్చీ ఇస్తానన్నాను. కుదరదన్నారు. ప్రతి కుర్చీకీ వెనక నంబరు ఉంటుంది, ఆ నంబరు స్టాకు రిజిస్టరులో ఒక మనిషి పేరున ఉంటుంది. ఒకరి కుర్చీలో ఒకరు కూర్చోవడం ఆడిట్ అభ్యంతరం.

కాబట్టి రాజలింగు నిలబడకూడదు, అది భయం. స్టూలు మీద కూర్చోకూడదు, అది అసమానత. కుర్చీలో కూర్చోకూడదు, అర్హత లేదు. నేల మీద కూర్చోకూడదు, అవమానం. చక్రపాణి గారు ఒక పూటంతా తలుపేసుకుని ఆలోచించి, మానవత్వంతో కూడిన నిర్ణయం తీసుకున్నారు. రాజలింగు ఆఫీసు లోపల ఉండకూడదు.

మా ఆవరణలో ఒక పాత జీపు ఉంది. పన్నెండేళ్ళ కింద పనికిరానిదని తేల్చారు, వేలం వేయడానికి అనుమతి ఇంకా రాలేదు. టైర్లు లేవు. రాజలింగును అందులో కూర్చోమన్నారు. ఆ జూన్ ఎండలో, ఆ రేకు డబ్బాలో, పదింటినుంచి అయిదింటి దాకా. చక్రపాణి గారు మంచినీళ్ళు తనే తెచ్చుకోవడం మొదలుపెట్టి, దాన్ని కూడా ప్రగతి నివేదికలో రాసుకున్నారు. నేను మధ్యాహ్నం మజ్జిగ తీసుకుని పోయేదాన్ని.

"మేడం, నా బుక్కుల ఆ పేజీ ఇప్పుడెట్లున్నది?" అని అడిగాడు ఒకరోజు.

"మూడు మెమోలున్నాయి రాజలింగూ."

"కేసు గిట్ల అయితద?"

"చూద్దాం."

ఆయన గ్లాసు ఖాళీ చేసి ఇచ్చాడు. "నర్సింలు కూడ గిట్లనే అంటుండె మేడం, చూద్దాం అని." నేను గ్లాసు పట్టుకుని లోపలికొచ్చాను. కోపం అందరి మీదా వచ్చింది, ఎక్కువగా నా మీద.

అంతలో హెడ్డాఫీసునుంచి వార్త. మా జిల్లాకు 'ఉత్తమ ఆరోగ్యకర కార్యాలయం' అవార్డు ఇవ్వొచ్చా అని పరిశీలించడానికి జాయింట్ డైరెక్టరు గారు స్వయంగా వస్తున్నారు. ముప్పయ్యో తారీకు పొద్దున. రాజలింగు ఆఖరి రోజు కూడా అదే.

చక్రపాణి గారికి అసలు కష్టం అప్పుడు అర్థమైంది. మెమోలో 'హోదాతో నిమిత్తము లేకుండా' అని ఆయనే రాయించారు. జాయింట్ డైరెక్టరు వస్తే ఆయన కూడా లేవకూడదు. మూడు రోజులు సాధన చేశారు. ఖలీల్ సాబ్ జాయింట్ డైరెక్టరుగా నటిస్తూ తలుపు తీసుకుని లోపలికి రావాలి, ఈయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని చిరునవ్వుతో కూర్చోవాలి. ఖలీల్ సాబ్ కదా అని సులభంగానే కూర్చోగలిగారు. ఒక పూట ఖలీల్ సాబ్ కాస్త విసుగ్గా, "ఏమయ్యా, ఫైళ్ళు ఎక్కడ?" అన్నాడో లేదో, చక్రపాణి గారు సగం లేచి, ఎలాగో ఆపుకున్నారు.

ముప్పయ్యో తారీకు పదకొండు నలభై రెండుకు జాయింట్ డైరెక్టరు గారు వచ్చారు. బక్కపలచని మనిషి, తెల్ల సఫారీ. చక్రపాణి గారు హాల్లోనే, మాలో ఒకరిగా, ఒక మామూలు కుర్చీలో కూర్చుని ఉన్నారు. తలుపు తెరుచుకుంది. పద్దెనిమిది మందిమి కదల్లేదు. చక్రపాణి గారు లేచారు. మామూలుగా లేవడం కాదు, కుర్చీ వెనక్కి పడింది, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి, నడుము వంగింది.

వెంటనే నమోదు చేయాలన్నది నిబంధన. నేను రిజిస్టరు తీసి రాశాను. పేరు చక్రపాణి. హోదా డిప్యూటీ డైరెక్టరు. లేచిన సమయం పదకొండు నలభై రెండు. తిరిగి కూర్చున్న సమయం గడి ఖాళీగా వదిలాను, ఎందుకంటే ఆయన కూర్చోనే లేదు.

జాయింట్ డైరెక్టరు గారికి విషయమంతా వివరించారు. ఆయన తలూపి, రిజిస్టరు చూపించమన్నారు. పేజీలు తిప్పి, ఆఖరి వరస దగ్గర ఆగి, చిన్నగా నవ్వారు.

"మీ పేరు కూడా రాశారే. నిష్పక్షపాతంగా ఉంది. చాలా బాగుంది." ఆ వరస కిందనే 'చూచితిని' అని సంతకం పెట్టారు. "సాయంత్రంలోగా దీని నకలు, తీసుకున్న చర్యలతో సహా, మా ఆఫీసుకు పంపండి. రాష్ట్రమంతటా అమలు చేద్దాం."

వెళ్ళేముందు చక్రపాణి గారి చెవిలో అన్నది నా సీటు దాకా వినబడింది. "వాళ్ళు లేవకపోవడం సంస్కృతి, ఒప్పుకుంటాను. మీరు లేవకపోయుంటే మాత్రం ఊరుకునేవాణ్ణి కాదు."

కారు గేటు దాటగానే నేను పని మొదలుపెట్టాను. ఇరవై ఆరేళ్ళుగా నాకు చేతనైంది ఒకటే, ఫైలు పెట్టడం. నోటు రాశాను, టైపు చేశాను, రెండింటికి ఆయన బల్ల మీద పెట్టాను.

చక్రపాణి గారు మొదటి కాగితం చదివి కళ్ళజోడు తీశారు. "ఏమిటి మేడం ఇది?"

"మీకు ఇవ్వాల్సిన మెమో సార్. మీ సంతకం కావాలి."

"నాకు నేనే మెమో ఇచ్చుకోవాలా?"

"కార్యాలయాధిపతి మీరే కదా సార్. హోదాతో నిమిత్తం లేదు. నకలుతోపాటు తీసుకున్న చర్యలు కూడా పంపమన్నారు."

"ఆ పేజీ..." అని ఆగారు.

"పేజీలకు నంబర్లున్నాయి సార్. కింద జాయింట్ డైరెక్టరు గారి సంతకం ఉంది."

ఆయన మంచినీళ్ళ కోసం బెల్లు కొట్టబోయి, రాజలింగు జీపులో ఉన్నాడని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "మేడం, నేను కావాలని లేవలేదు. ఆ మనిషి తలుపు తీయగానే, ఏమైందో, ఒళ్ళు దానంతటదే..."

"వివరణ రాసివ్వండి సార్. అసంకల్పితంగా అని రాయొచ్చు. కాకపోతే అదే వివరణను మీరు మూడుసార్లు సంతృప్తికరంగా లేదని తిరస్కరించి ఉన్నారు. ఆడిటువాళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తారు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆ కాగితం ఇంకోసారి చదివారు.

"ఏం చేద్దామంటారు?"

రెండో కాగితం ముందుకు జరిపాను. "అసంకల్పితముగా లేచిన సంఘటనలన్నియూ, హోదాతో నిమిత్తము లేకుండా, ఇందుమూలముగా మూసివేయడమైనది. సంబంధిత మెమోలు రద్దుపరచి సర్వీసు పుస్తకములనుండి తొలగించడమైనది." కింద రెండు పేర్లు. చక్రపాణి, డిప్యూటీ డైరెక్టరు. రాజలింగు, అటెండరు. ఆయన ఆ రెండు పేర్లనూ చాలాసేపు చూశారు. ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఉన్నాయి. సంతకం పెట్టారు.

మూడూ పదికి మూడు మెమోలూ సర్వీసు పుస్తకంలోంచి తీసి, పుస్తకం పట్టుకుని జీపు దగ్గరకు నడిచాను. రాజలింగు శిక్షల పేజీ మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రుద్దాడు, ఏమైనా అంటుకుందేమోనని. పెన్షన్ కాగితాలు నాలుగున్నరకు స్పీడ్ పోస్టులో పడ్డాయి. రసీదు ఆయన జేబులో పెట్టాను. ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఆఫీసు ఆవరణలో, అందరూ చూస్తుండగానే.

సన్మానం ఆఫీసు వేళల్లో పెట్టకూడదు కాబట్టి అయిదింటి తర్వాత పెట్టాం. టెంటుహౌసునుంచి కుర్చీలు తెప్పించి హాల్లో వేశాం. వాటికి నంబర్లుండవు, అర్హతలుండవు. రాజలింగును మధ్యలో కూర్చోబెట్టాం. పక్కన సత్తెమ్మ కూర్చుంది. మిక్చరు, జాంగ్రీ పంచాం. ఖలీల్ సాబ్ రెండు మాటలు మాట్లాడబోయి, ఒక్క మాటతో కూర్చున్నాడు.

అయిదుంపావుకు చక్రపాణి గారు శాలువా పట్టుకుని వచ్చారు. మేమెవరం లేవలేదు, మెమో ఇంకా అమల్లోనే ఉంది. ఆయన నేరుగా రాజలింగు ముందుకు పోయి, శాలువా విప్పి, నిలబడ్డారు. శాలువా కప్పించుకునే మనిషి లేచి నిలబడడం ఎక్కడైనా మామూలే. రాజలింగు కూర్చునే ఉన్నాడు.

ఆయన కాసేపు చూశారు. "లేవొచ్చు రాజలింగూ. ఇవాళ ఫరవాలేదు."

రాజలింగు గోడ గడియారం వంక చూశాడు. "అయిదు దాటింది సార్. నేనిప్పుడు పబ్లిక్. మీరు కప్పుండ్రి."

చక్రపాణి గారు చుట్టూ చూశారు. నడుము బాగా వంచి, కుర్చీలో కూర్చున్న మనిషి భుజాల మీద శాలువా సర్దారు. ఆయనకు అలవాటు లేని పని కదా, అంచు ఒకవైపు జారితే రెండోసారి వంగాల్సి వచ్చింది. రాజలింగు కూర్చునే దణ్ణం పెట్టాడు. మర్యాదగానే పెట్టాడు. తర్వాత సత్తెమ్మతో కలిసి, వాచిన పాదాలతో మెల్లగా నడుచుకుంటూ గేటు దాటిపోయాడు.

అందరూ పోయాక చక్రపాణి గారు నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డారు. నేను కూర్చునే ఉన్నాను.

"చూశారా మేడం. ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి. శాలువా కప్పుతుంటే లేవను కూడా లేవలేదు. ఎంత అగౌరవం."

"అగౌరవం కాదు సార్. భయం పోయింది."

ఆయన నోరు తెరిచారు. మెమో రాయమంటారనుకున్నాను, పెన్ను కూడా తీశాను. కానీ పబ్లిక్‌కు మెమో ఇచ్చే అధికారం మా శాఖకు లేదు. ఆ సంగతి ఆయనకూ గుర్తొచ్చినట్టుంది, సంచీ తీసుకుని ఇంటికి పోయారు.